స్టార్ ట్రెక్ ప్రీక్వెల్స్: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూసినా ఫర్వాలేదు

అంతరిక్ష నౌకల కథ స్టార్ ట్రెక్‌లో, 1966 నాటి మూల సిరీస్ నాయకుడు కెప్టెన్ కిర్క్ కాలానికి ముందు జరిగిన కథ అంటూ వచ్చినవి ప్రధానంగా నాలుగు. 2001లో మొదలైన 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్, 2009లో జె. జె. అబ్రమ్స్ తీసిన సినిమా, 2017 నాటి 'డిస్కవరీ', 2022లో వచ్చిన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'. నాలుగూ ఒకే మూలకథ నుంచి వెనక్కి వెళ్ళినవే. అయినా ఒకదాన్ని నెత్తిన పెట్టుకునే అభిమాని ఇంకోదాని పేరెత్తితే మండిపడతాడు. కొత్తగా చూద్దామనుకునేవాళ్ళకు ఈ గొడవలో ఏది పట్టుకోవాలో తోచదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్కటే చూసే ఓపిక ఉంటే 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' చూడండి. రెండు గంటలే ఉంటే 2009 సినిమా చూడండి. 'ఎంటర్‌ప్రైజ్' మంచి సిరీస్, కానీ ఈ ప్రపంచం మీద ఇష్టం కుదిరాక చూడాల్సింది. 'డిస్కవరీ'ని మాత్రం ప్రీక్వెల్ కావాలని ఎంచుకోవద్దు. కారణాలు చెప్పే క్రమంలో కొన్ని ముఖ్యమైన మలుపులు బయటపడతాయి. ముగింపు ఎత్తకుండా ప్రీక్వెల్ గురించి మాట్లాడటం కుదరదు.

ప్రీక్వెల్‌కు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. ఎవరు బతుకుతారో మనకు ముందే తెలుసు. కిర్క్ ఓడలో పనిచేసే వల్కన్ గ్రహవాసి స్పాక్ మీద ఎవరైనా ఆయుధం గురిపెడితే మనకు టెన్షన్ రాదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికాడో, ఏమేం చేశాడో చూసేశాం కదా. అభిమానులు గంటల తరబడి వాదించుకునేది కానన్ గురించి, అంటే పాత కథలో చెప్పినదానికి కొత్త కథ కట్టుబడి ఉందా లేదా అని. నాకు అంతకన్నా పెద్ద ప్రశ్న వేరే ఉంది. ముందే తెలిసిపోయిన ముగింపుతో ఈ కథ ఏం చేస్తోంది? 2009 సినిమా ఆ ముగింపును బద్దలు కొట్టింది. 'డిస్కవరీ' రెండు సీజన్ల తర్వాత దాన్నుంచి తప్పుకుంది. 'ఎంటర్‌ప్రైజ్' వందేళ్ళు వెనక్కి జరిగి దానికి దూరంగా నిలబడింది. 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' ఆ ముగింపును తీసుకెళ్ళి కథానాయకుడి చేతిలోనే పెట్టింది. నా ఎంపికంతా దీని మీదే ఆధారపడింది.

కానన్ గొడవలో ఎంత పస ఉంది?

చాలా ఉంది, కానీ అన్ని తప్పుల్నీ ఒకే గాటన కట్టకూడదు. అసలు మూల సిరీస్ తన మాటకు తానే కట్టుబడలేదు. 1966లో వచ్చిన ఒక తొలి ఎపిసోడ్‌లో కిర్క్ కోసం సిద్ధం చేసిన సమాధి రాయి మీద 'జేమ్స్ ఆర్. కిర్క్' అని ఉంటుంది. ఆ ఆర్ ఎటు పోయిందో గానీ, తర్వాత ఆయన జేమ్స్ టి. కిర్క్‌గా స్థిరపడ్డాడు. యుద్ధమంటే ఇష్టపడే గ్రహాంతర జాతి క్లింగాన్ల సంగతి ఇంకా పెద్దది. అరవైల సిరీస్‌లో వాళ్ళ నుదురు మనుషుల నుదురులాగే నున్నగా ఉంటుంది. 1979 సినిమాలో నుదుటి మీద ఎముకల గట్లు వచ్చాయి. ఎందుకని ఎవరూ చెప్పలేదు. 1996లో 'డీప్ స్పేస్ నైన్' అనే మరో సిరీస్ పాత్రలు కాలంలో వెనక్కి వెళ్ళి ఆ పాత క్లింగాన్లను చూసినప్పుడు, తమతో ఉన్న క్లింగాన్ అధికారి వోర్ఫ్‌ను అదేమిటని అడుగుతారు. ఈ విషయం మేము బయటివాళ్ళతో మాట్లాడం అని మాత్రమే అంటాడు. అభిమానులు చాలాకాలం ఆ జవాబుతోనే సరిపెట్టుకున్నారు.

కాబట్టి ఓడ లోపలి గోడల రంగు, తెరల ఆకారం, యూనిఫాం కుట్టు మారితే నేను పట్టించుకోను. అరవైల నాటి సెట్‌ను, ఆ రంగు రంగుల బటన్లను, ఇప్పటి కెమెరా ముందు ఉన్నదున్నట్టు పెడితే భవిష్యత్తులా కనిపించదు. మనిషి స్వభావం మారితే మాత్రం మింగుడు పడదు. కిర్క్ ఎలాంటివాడు, స్పాక్ దేనికి చలిస్తాడు, వాళ్ళ గ్రహాల కూటమి ఫెడరేషన్ దేన్ని తప్పు అంటుంది అన్నవి మారిపోతే ఆ పేరు పెట్టుకోవడం ఎందుకు? అభిమానుల అసలు కోపం కూడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, కానీ అది ఓడ ఇంజన్ల పొడవు గురించి వాదనగా బయటికొస్తుంది.

2009 సినిమా: ప్రీక్వెల్, రీబూట్ రెండూ

దీన్ని అర్థం చేసుకోవాలంటే అప్పటి పరిస్థితి గుర్తుండాలి. 2002లో వచ్చిన 'నెమెసిస్' సినిమా ఆడలేదు. 2005 మేలో 'ఎంటర్‌ప్రైజ్' ఆగిపోయింది. నాలుగేళ్ళ పాటు కొత్త స్టార్ ట్రెక్ ఏదీ రాలేదు. కొత్త ప్రేక్షకులను తేవాలి, పాత కథ భారం వాళ్ళ మీద పడకూడదు. రచయితలు రాబర్టో ఓర్సీ, అలెక్స్ కర్ట్‌జ్‌మన్ దీనికి తెలివైన దారి పట్టారు. భవిష్యత్తు నుంచి నీరో అనే, శత్రుజాతి రోములన్లకు చెందినవాడు 2233లోకి వచ్చిపడి కెల్విన్ అనే ఓడను ధ్వంసం చేస్తాడు. ఆ క్షణం నుంచి చరిత్ర రెండుగా చీలుతుంది. పాత కాలరేఖ చెరిగిపోలేదు, అక్కడి ముసలి స్పాక్‌గా లియొనార్డ్ నిమోయ్ స్వయంగా ఈ కొత్త కథలోకి వస్తాడు. అంటే పాతది పాతదిగానే ఉంది, దాని పక్కన ఇంకోటి మొదలైంది. అభిమానులు దీన్నే కెల్విన్ టైమ్‌లైన్ అంటారు.

ఈ మార్పుతో ముగింపు తెలిసిన కథ అనే చిక్కు ఒక్క దెబ్బతో పోయింది. ఇందులో ఎవరైనా చనిపోవచ్చు. అది ఉత్త బెదిరింపు కాదని చూపడానికి స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహాన్నే మన కళ్ళముందు నాశనం చేస్తారు. చాలామంది పాత అభిమానులు ఇప్పటికీ క్షమించనిది ఇదే. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ కథలో ఆ నష్టానికి విలువ ఇచ్చారు, క్వింటో పోషించిన స్పాక్ చివరిదాకా దాన్ని మోస్తూనే ఉంటాడు.

మొదటి పది పన్నెండు నిమిషాలు చూస్తే మీకు ఈ సినిమా పడుతుందో లేదో తేలిపోతుంది. జార్జ్ కిర్క్ భార్య పురిటినొప్పులతో తప్పించుకునే నౌకలో ఉంటుంది. అతను ఖాళీ అయిన ఓడలో ఒంటరిగా మిగిలి దాన్ని శత్రువు మీదికి నడుపుతాడు. పుట్టిన బిడ్డ ఏడుపు రేడియోలో వింటాడు, పేరు పెట్టేంత సమయం మాత్రమే దొరుకుతుంది. తర్వాత కెప్టెన్ పైక్, తిరుగుబోతుగా బతుకుతున్న ఆ కొడుకుతో అంటాడు: మీ నాన్న కెప్టెన్‌గా ఉన్నది 12 నిమిషాలు, కాపాడింది 800 ప్రాణాలు, చేతనైతే అంతకన్నా బాగా చేసి చూపించు. కిర్క్ ఎందుకు మారాడో చెప్పడానికి ఇంతకన్నా తక్కువ మాటలు చాలవు.

లోటు కూడా ఉంది. మూల సిరీస్‌లో కిర్క్ వేరే ఓడల్లో పనిచేసి, దెబ్బలు తిని కెప్టెన్ అయ్యాడు. ఇక్కడ సినిమా మొదటి సగంలో క్యాడెట్, చివరికి కెప్టెన్. ఇది నేను పైన చెప్పిన రెండో రకం తప్పు, స్వభావానికి సంబంధించింది. పట్టుదల ఉంటే చాలు, అనుభవం అక్కర్లేదన్నట్టు ఉంటుంది. అయినా సినిమా వేగం, నటుల మధ్య కుదిరిన చనువు దాన్ని చాలావరకు కప్పేస్తాయి. ఓడ డాక్టర్ మెక్‌కాయ్‌గా కార్ల్ అర్బన్ పాత డాక్టర్‌ను అనుకరించకుండానే గుర్తుకు తెస్తాడు. స్టార్ ట్రెక్ సినిమాల్లో మొదటి ఆస్కార్ దీనికే వచ్చింది, మేకప్‌కు.

దీని తర్వాతి రెండింటిలో 2013 నాటి 'ఇంటు డార్క్‌నెస్' వదిలేయమంటాను. 1982 సినిమాలో స్పాక్ మరణం ఏడిపించిందంటే దాని వెనక ఎన్నో ఏళ్ళ స్నేహం ఉంది. 2013లో ఆ సన్నివేశాన్నే పాత్రలు తిరగేసి వాడారు, కానీ ఈ ఇద్దరికీ పరిచయమై ఒక సినిమానే అయింది. బాకీ లేని చోట వడ్డీ అడిగినట్టుంది. పైగా మూల సిరీస్ ఉత్తర భారతానికి చెందినవాడని పరిచయం చేసిన ఖాన్ పాత్రకు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్‌ను తీసుకోవడం చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. 2016లో జస్టిన్ లిన్ తీసిన 'బియాండ్' మాత్రం చూడాలి. పాత్రలను ఇద్దరిద్దరుగా విడదీసి ఒక గ్రహం మీద వదిలేస్తుంది, అందరికీ మాట్లాడే అవకాశం వస్తుంది. మూడింటిలో పాత సిరీస్ వాసన దీనికే ఎక్కువ.

'ఎంటర్‌ప్రైజ్': ఓపిక ఉన్నవాళ్ళకు

నాలుగు సీజన్లు, 98 ఎపిసోడ్లు. కథ 2151లో మొదలవుతుంది, ఫెడరేషన్ ఇంకా పుట్టలేదు. ప్రీక్వెల్‌గా దీని ఆలోచన నాలుగింటిలోకీ నిజాయితీ గలది. కిర్క్ కాలంలో అలవాటైపోయినవి ఇక్కడ ఇంకా లేవు, లేదా ఎవరూ నమ్మరు. మనుషులను అణువులుగా మార్చి పంపే ట్రాన్స్‌పోర్టర్ అంటే సిబ్బందికి భయం, సామాన్లకైతే సరే అనుకుంటారు. షీల్డులు లేవు, ఓడ పైపొరకు విద్యుదావేశం ఇచ్చి తట్టుకుంటారు. ఇంకో నౌకను పట్టుకోవాలంటే కనిపించని కిరణం ఉండదు, తాళ్ళు కట్టిన కొక్కేలు విసురుతారు. అనువాద యంత్రం సరిగా పనిచేయదు కాబట్టి హోషి సాటో అనే భాషా నిపుణురాలు ఎదుటివాళ్ళు మాట్లాడేది వింటూ అక్కడికక్కడే ఆ భాష పట్టాలి. తప్పు పడితే యుద్ధమే. ఇలాంటి సన్నివేశాలు వచ్చినప్పుడు ఈ సిరీస్‌కు సాటి లేదు.

బాధేమిటంటే మొదటి రెండు సీజన్లు ఈ ఆలోచనను సగంసగమే వాడుకున్నాయి. చాలా ఎపిసోడ్లు ఏ కాలంలోనైనా జరగగలిగేవే. తర్వాతి కాలంలో మనుషులకు కొత్తగా తారసపడాల్సిన ఫెరెంగీలు, బోర్గ్ అనే జాతులను ముందే తెచ్చి, వాళ్ళ పేరు మాత్రం ఎవరి నోటా రాకుండా చూసుకున్నారు. కానన్‌ను అక్షరాలా కాపాడారు, కానీ దాని ఉద్దేశం దెబ్బతింది. పేరు పలకకపోతే కలిసినట్టు కాదా?

మూడో సీజన్ అంతా ఒకే కథ. భూమి మీద దాడి జరుగుతుంది, చేసినవాళ్ళను వెతుక్కుంటూ ఈ ఓడ కెప్టెన్ ఆర్చర్ తెలియని ప్రాంతంలోకి వెళ్తాడు. మంచివాడైన కెప్టెన్ తనకే సిగ్గేసే పనులు చేయాల్సి వస్తుంది. నాలుగో సీజన్‌కు మానీ కోటో పగ్గాలు పట్టాక అసలు ప్రీక్వెల్ మొదలైంది. వల్కన్లు తర్క మార్గంలోకి తిరిగి ఎలా వచ్చారో మూడు ఎపిసోడ్లలో చెబుతారు. క్లింగాన్ల నుదురు ఎందుకు నున్నగా అయిందో కూడా 2005లో వచ్చిన రెండు ఎపిసోడ్లు తేలుస్తాయి. మనుషుల జన్యువులతో చేసిన ప్రయోగం వికటించి వైరస్‌గా పాకడమే కారణం. 26 ఏళ్ళ ప్రశ్నకు జవాబు దొరికింది. అందరికీ ఆ జవాబు అవసరమా అంటే కాదు, వోర్ఫ్ చెప్పిన మాటే బాగుందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

చూసే పద్ధతి ఒకటి సూచిస్తాను. తొలి ఎపిసోడ్ చూడండి, మొదటి సీజన్‌లో ఆండోరియన్ అనే గ్రహాంతర జాతి కమాండర్ ష్రాన్ కనిపించేవి చూడండి, అక్కడి నుంచి నేరుగా మూడో సీజన్ చివర్న తేలి నాలుగోది పూర్తిగా చూడండి. జెఫ్రీ కూంబ్స్ పోషించిన ఆ ష్రాన్‌కూ ఆర్చర్‌కూ మధ్య శత్రుత్వం మెల్లగా గౌరవంగా మారే తీరే ఫెడరేషన్ పుట్టుక కథ. 'టెర్రా ప్రైమ్' అనే ఎపిసోడ్ దగ్గర ఆపేయండి. దాని తర్వాత వచ్చే చివరి ఎపిసోడ్ ఈ సిబ్బంది వీడ్కోలును రెండు వందల ఏళ్ళ తర్వాత ఇంకో సిరీస్ పాత్రలు చూసే బొమ్మలాటగా మార్చేసింది. నాలుగేళ్ళు తోడున్నవాళ్ళకు అలా వీడ్కోలు చెప్పాల్సింది కాదు.

'డిస్కవరీ'

కిర్క్‌కు దాదాపు పదేళ్ళ ముందు, 2256లో మొదలవుతుంది. ఒక్క క్షణంలో ఎక్కడికైనా వెళ్ళగల ఇంజన్ ఈ ఓడకు ఉంది. స్పాక్‌కు మైకేల్ బర్నమ్ అనే పెంపుడు అక్క ఉంది. క్లింగాన్ల రూపం మళ్ళీ మారింది. ఇవన్నీ తర్వాతి కాలంలో ఎవరికీ ఎందుకు తెలియవన్న ప్రశ్నకు రెండో సీజన్ చివర సమాధానం దొరుకుతుంది. ఓడ 32వ శతాబ్దంలోకి దూకేస్తుంది, ఇక్కడ మిగిలినవాళ్ళు దాని ఊసెత్తకూడదని నిర్ణయిస్తారు. అక్కడితో ఇది ప్రీక్వెల్ కాకుండా పోయింది, తర్వాతి మూడు సీజన్లు పూర్తిగా వేరే కథ.

ఒక విషయంలో మాత్రం ఈ సిరీస్‌ను వెనకేసుకొస్తాను. స్పాక్ అక్క గురించి ఎప్పుడూ చెప్పలేదేం అన్న విమర్శ నిలవదు. 1967 నాటి ఎపిసోడ్‌లో ఓడ ఎక్కిన వల్కన్ రాయబారి తన తండ్రి అని కిర్క్‌కు స్పాక్ ముందుగా చెప్పనే లేదు. 1989 సినిమాలో స్పాక్‌కు సవతి అన్న ఒకడున్నాడని తేలింది. ఇంటి సంగతులు దాచుకోవడం స్పాక్‌కు మొదటి నుంచీ ఉన్న గుణమే.

రెండో సీజన్‌లో కెప్టెన్ పైక్‌గా ఆన్సన్ మౌంట్ వస్తాడు. అభిమానులు ఎంత ఇష్టపడ్డారంటే ఆయన కోసం వేరే సిరీస్ కావాలని పట్టుబట్టారు. అదే 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'.

'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్': ఎందుకు ముందు

పైక్ కొత్త పాత్ర కాదు, కిర్క్ కన్నా పాతవాడు. స్టార్ ట్రెక్ కోసం తీసిన మొట్టమొదటి ఎపిసోడ్ 'ద కేజ్'లో కెప్టెన్ ఆయనే, జెఫ్రీ హంటర్ చేశాడు. ఎన్‌బీసీ ఛానల్ దాన్ని తిరస్కరించి ఇంకోటి తీయమంది, కిర్క్ వచ్చాడు. ఆ పాత ఫుటేజీని 1966లో 'ద మెనాజరీ' అనే రెండు భాగాల ఎపిసోడ్‌లో వాడుకున్నారు. అందులో పైక్ ప్రమాదంలో కాలిపోయి, ఒక యంత్రపు కుర్చీలో కదలలేకుండా ఉంటాడు. అవును, కాదు అని చెప్పడానికి ఒక దీపం మాత్రం వెలుగుతుంది. పైక్ భవిష్యత్తు ఇదని అర్ధ శతాబ్దం కిందటే రాసిపెట్టేశారు.

ఏ ప్రీక్వెల్‌కైనా ఇది ప్రతిబంధకమే. ఈ రచయితలు దాన్నే కథ చేసుకున్నారు. తన గతి ఇదని 'డిస్కవరీ' రెండో సీజన్‌లోనే పైక్ కళ్ళారా చూస్తాడు. ఇక మనకు తెలిసిన ముగింపు ఆయనకూ తెలుసు. తన గదిలో సిబ్బందికి స్వయంగా వండిపెట్టే ఈ మనిషి, ప్రమాదంలో తనతో పాటు ఉండబోయే పిల్లల పేర్లు కంఠస్థం చేసుకుని తిరుగుతుంటాడు. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో వాళ్ళలో ఒక కుర్రాడు ఎదురుపడతాడు. అతన్ని హెచ్చరిస్తూ పైక్ ఉత్తరం రాయడం మొదలుపెడతాడు. అప్పుడు భవిష్యత్తు నుంచి ముసలి పైక్ ఒకడు ప్రత్యక్షమై, ఆ ఉత్తరం పంపితే ఏమవుతుందో చూడమంటాడు.

చూపించేది 1966లో కిర్క్ ఎదుర్కొన్న రోములన్ ఓడ ఘటనే. అప్పుడు కిర్క్ వెంటాడి దాడి చేశాడు, పెద్ద యుద్ధం తప్పింది. ఇప్పుడు కెప్టెన్ కుర్చీలో పైక్ ఉన్నాడు. దయగలవాడు, మాటలతో తేల్చుకుందామంటాడు. ఆ మంచితనమే యుద్ధం తెస్తుంది, స్పాక్ కోలుకోలేనంతగా గాయపడతాడు. పైక్ తప్పేమీ చేయలేదు, ఆ చోటికి ఆ సమయంలో సరైన మనిషి కాదంతే. తిరిగొచ్చి తన గతిని తానే ఒప్పుకుంటాడు. కానన్‌లో ఒక్క గీత చెరపకుండా, పాత ఎపిసోడ్‌కు లేని బరువు తెచ్చిపెట్టారు. కిర్క్ ఎందుకు కావాల్సి వచ్చాడో మూల సిరీస్ కన్నా ఇది బాగా చెప్పింది. ప్రీక్వెల్ చేయగలిగిన మంచి పని ఇదేనని నా నమ్మకం.

మిగతా ఎపిసోడ్లు చాలావరకు దేనికదే పూర్తయ్యే కథలు, ఒకరోజు చూసి వారం ఆగినా తెగిపోదు. రెండో సీజన్ రెండో ఎపిసోడ్‌లో, పైక్ తర్వాతి స్థానంలో ఉన్న అధికారి ఉనా మీద జరిగే విచారణ చూడండి. జన్యు మార్పు చేయించుకున్నవాళ్ళకు ఫెడరేషన్ అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్‌లో చోటు లేదనే చట్టం ఎంత అన్యాయమో కోర్టు గదిలోనే తేల్చిన కథ.

అభ్యంతరాలు లేకపోలేదు. 1967లో కిర్క్ గోర్న్ జాతిని మొదటిసారి చూస్తున్నట్టుంటే, ఇక్కడ అంతకుముందే వాళ్ళతో పలుమార్లు పోరాటం జరుగుతుంది. నర్స్ చాపెల్‌ది స్పాక్ మీద ఒంటరి ప్రేమ అని అప్పుడు చూశాం, ఇక్కడ ఇద్దరిదీ. స్పాక్ ఇంతగా నవ్వడమేమిటనే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళను 'ద కేజ్' చూడమంటాను. అందులో కదులుతూ శబ్దం చేసే ఆకులను పట్టుకుని స్పాక్ నోరారా నవ్వుతాడు. పాటలతో నడిచే ఎపిసోడ్ ఒకటి, కార్టూన్ సిరీస్ పాత్రలు నేరుగా వచ్చే ఎపిసోడ్ ఒకటి రెండో సీజన్‌లో ఉన్నాయి. గంభీరత కోరేవాళ్ళు ఆ రెండూ దాటేసినా కథ అర్థమవుతుంది. కిర్క్ పదేపదే రావడం మాత్రం నాకూ అనవసరమనిపిస్తుంది. పైక్ ఓడలో పైక్ చాలు.

ఇక ఎవరికి ఏది

ఇదివరకు స్టార్ ట్రెక్ ముఖమే చూడనివాళ్ళు కథాకాలం ప్రకారం 'ఎంటర్‌ప్రైజ్' నుంచి మొదలుపెట్టొద్దు. చాలామంది ఈ సలహా ఇస్తారు, విన్నవాళ్ళు పదో ఎపిసోడ్ దగ్గర ఆగిపోతారు. కొక్కేలు విసిరే దృశ్యంలో మజా, తర్వాత ఏమొస్తుందో తెలిసినవాళ్ళకే. వేగం, పోరాటాలు ఇష్టమైతే 2009 సినిమా, తర్వాత నేరుగా 'బియాండ్'. మనుషులు, నిర్ణయాలు, వాటి ఫలితాలు ఇష్టమైతే పైక్ దగ్గరికి వెళ్ళండి. దేశాలు, ఒప్పందాలు, పాత పగలు ఎలా చల్లారతాయి అన్నవి ఆసక్తి అయితే 'ఎంటర్‌ప్రైజ్' నాలుగో సీజన్ మీకోసమే.

అరవైల సిరీస్ ముందు చూడాలా అని కూడా అడుగుతారు. 79 ఎపిసోడ్లూ అక్కర్లేదు. పైక్ కోసం 'ద మెనాజరీ' రెండు భాగాలు, స్పాక్ కాబోయే భార్య ట్'ప్రింగ్ కోసం 'అమోక్ టైమ్', రోములన్ల కోసం 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' చాలు. ఈ చివరిదాన్ని 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ అయ్యాక, పదోది పెట్టే ముందు రాత్రి చూడండి. పదో ఎపిసోడ్‌లో కొన్ని మాటలు యథాతథంగా మళ్ళీ వినిపిస్తాయి, ఎవరి నోట వస్తున్నాయన్నది మారుతుంది. ఆ తేడా పట్టుకోవాలంటే పాతది అప్పటికి తాజాగా గుర్తుండాలి.